ఆసు ముందు నేర్చుకున్న పదాలు

సోషల్ వర్క్ చదివిన రెండేళ్లూ ఒక నోటుపుస్తకంలో పదాలు రాసుకున్నాను. గోప్యత, సహానుభూతి, అనుబంధం, ప్రతిఘటన. ఒక్కోదానికి రెండు లైన్ల అర్థం. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ పుస్తకం సంచిలో పెట్టుకునే నల్లగొండ జిల్లాలో పిల్లల సంరక్షణ విభాగంలో ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు దాన్ని పొగరంటాను. అప్పుడు ఆత్మవిశ్వాసం అనుకున్నాను.

నకిరేకల్‌కు అవతల ఒక నేతకారుల ఊళ్లో ఒక అవ్వ, ఆమె దగ్గర తొమ్మిదేళ్ల మనవరాలు ఉండేవారు. పిల్ల తల్లి చనిపోయింది. తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని ఎటో వెళ్లిపోయాడు. ముసలామె దగ్గర పిల్ల ఆగమైతోందని ఎవరో ఫోన్ చేశారు. పిల్ల అవ్వ దగ్గరే ఉండాలా, పిల్లల హోంకు పోవాలా అన్నది బాలల సంక్షేమ కమిటీ తేలుస్తుంది. కమిటీ ముందు చూసేది నా రిపోర్టునే.

మొదటిసారి పోయినప్పుడు అవ్వ ఆసు పోస్తోంది. ఆసు అంటే చీర నూలుకు రంగులద్దే ముందు పోగులు చుట్టే, అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం. మధ్య మేకు నుంచి అంచు మేకులకు, మళ్లీ మధ్యకు, పోగును చేత్తో తిప్పుతూనే ఉండాలి. నేను పేరు చెప్పాను, నమస్తే పెట్టాను. అవ్వ తలెత్తలేదు. పిల్ల బడికి పోతుందా, జ్వరమొస్తే దవాఖానకు ఎవరు తీసుకుపోతారు అని అడుగుతూ పోయాను. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రాలేదు. పావుగంట చూసి లేచాను. నాకు ఒళ్లు మండింది.

నా కోపానికి కారణం ఉంది. మాది కొత్తకోట పక్కన వ్యవసాయం చేసే ఇల్లు. దారిన పోయేవాళ్లు పలకరిస్తే మా బాపు నాగలి ఆపి, ఎడ్లను నిలబెట్టి, మంచీచెడూ మాట్లాడి గానీ మళ్లీ కదిలేవాడు కాదు. ఇంటికొచ్చిన మనిషి ముఖం చూడకపోవడం మా దగ్గర పెద్ద అవమానం. ఆఫీసుకొచ్చి రిపోర్టులో రాశాను: 'సంరక్షకురాలు ప్రశ్నలకు జవాబివ్వలేదు. ప్రతిఘటన ఉంది. పిల్లతో అనుబంధం కనిపించలేదు.' చక్కటి పదాలు పడ్డాయని మురిసిపోయాను కూడా.

దాని మీద అవ్వ సంతకం కావాలి. వారం తర్వాత మళ్లీ పోయాను. ఈసారి ఆసు ఖాళీగా ఉంది, అవ్వ గడపలో కూర్చుని వక్క నములుతోంది.

"ఏం రాసినవ్ బిడ్డా? సదువు," అంది.

చదివాను. ప్రతిఘటన అంటే ఏందని అడిగింది. మాట్లాడడం ఇష్టం లేక ఎదురు తిరగడం అని చెప్పాను.

అవ్వ లేచి నిలబడింది. "నేను ఎదురు తిరిగిన్నా? పోగులు లెక్కవెట్టుకుంట పోస్తున్న. నడుమ పలికితే లెక్క పోతది, లెక్క పోతే చీర మీద పువ్వు చెదురుతది. జర సేపు కూసుంటే చెప్పకపోదునా? నీకే ఆగబుద్ధి కాలే!"

నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ నన్ను అక్కడితో వదల్లేదు. పోగు తెచ్చి ఆసు ముందు కూర్చుంది. "సూడు ఇప్పుడు," అని మొదలుపెట్టింది. నేను నోరు మూసుకుని గోడకానుకున్నాను.

సాయంత్రం బడి నుంచి పిల్ల వచ్చింది. అవ్వా అని కేక వేయలేదు. చెప్పులు విడిచి, వెనక నుంచి అవ్వ వీపు మీద చెయ్యి వేసింది. అవ్వ కుడి చెయ్యి ఆగకుండానే ఎడమ చేత్తో ఆ చేతిని తడిమింది. తర్వాత పిల్ల తన చెవిని అవ్వ నోటి దగ్గర పెట్టి విని, "నూట పన్నెండు," అని గట్టిగా అంది. అవ్వ మళ్లీ మొదలుపెట్టేదాకా ఆ లెక్కను పిల్ల మనసులో పట్టుకుంటుంది. అవ్వ పోగు ఆపి, పిల్ల ముఖం తుడిచి, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

అనుబంధానికి నా పుస్తకంలో ఉన్న రెండు లైన్లకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి? పాత రిపోర్టు చింపేశాను. ఆ రోజు చూసింది చూసినట్టు రాసి, అవ్వకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించి సంతకం తీసుకున్నాను. కమిటీ ముందు అవ్వ జవాబుకు ఆలస్యం చేస్తే జవాబు లేదని రాయడానికి ఒకాయన పెన్ను తీశాడు. "జర ఆగండి సార్, చెప్తది," అన్నాను. అవ్వ చెప్పింది. పిల్ల ఇంటికి పోయింది.

అప్పటి నుంచి ఎవరి గురించి రాసినా వాళ్లకు చదివి వినిపించకుండా నేను రిపోర్టు పంపలేదు. కొత్తగా చేరినవాళ్లకు కూడా పదాలు అడగను. ఆ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నారని అడుగుతాను. నా పద్ధతి తప్పని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు.

కేసు మూసే రోజు చివరిసారి పోయాను. అవ్వ ఆసు పోస్తోంది, పిల్ల పక్కన హోంవర్కు రాసుకుంటోంది. పలకరించకుండా కూర్చున్నాను. కాసేపటికి అవ్వ పెదవులు కదుపుతూనే నా వైపు చూసి సైగ చేసింది. పిల్ల లేవబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. నేను దగ్గరికి జరిగి చెవి పెట్టాను.

"రెండు నూర్ల ఆరు. గట్టిగ పట్టుకో బిడ్డా, చాయ్ పెట్టుకస్త," అంది అవ్వ.

ఆమె తిరిగొచ్చేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.