గుండెకు అంటిన మైల

రామనగుడలో అప్పలకొండమ్మ మడికట్టుకుని వస్తోందంటే కోళ్లు కూడా పక్కకి తప్పుకునేవి. నెలనెలా ఆ మూడు రోజులూ కోడలు గౌరీశ్వరి పెరట్లో గోనెపట్టా మీద కూర్చోవలసిందే. అత్త మజ్జిగ ఎత్తునుంచి పోసేది. దోసిట్లో పడ్డది కోడలికి, నేల మీద పడ్డది కుక్కకి.

తల్లిలేని పిల్ల కాబట్టి గౌరీశ్వరి తొలిచూలు అత్తింట్లోనే పురుడు పోసుకుంది. అంటే గొడ్లసాలలో. ఆడపిల్ల పుట్టింది. ముసురు పట్టింది. పసిదాని ఒళ్లు కాలిపోతుంటే, లోపలికి రానిమ్మని గౌరీశ్వరి కాళ్లావేళ్లా పడింది.

"పురుడింకా తీరనేదే అమ్మీ. మైల కంటికి అవుపడదు. అందుకే మరీ బయం," అంది అత్త.

మొగుడు త్రినాథరావు అరుగు మీద చుట్ట కాలుస్తూ వానని చూశాడు. మర్నాటికి బిడ్డ చల్లబడింది. ఊరవతల పాతిపెట్టి వచ్చారు.

చాలా ఏళ్లకి, ఎనభై ఆరులో, కొడుకు పుట్టాడు. మగపిల్లాడికి మైల ఉండదు కాబోలు, అప్పలకొండమ్మ నడింట్లోనే మంచం వేయించింది! వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె మర్దించడం తప్ప ముసలిదానికి ఇక ఏ ఆశా లేదు. ఇంతలో ఆయాసం పట్టుకుంది. త్రినాథరావు తల్లిని రాయగడలో రైలెక్కించి, విశాఖపట్నంలో ఓ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

"టెక్నీషియం అని, కిరణాలు చిమ్మే మందు ఎక్కిస్తాం," అన్నాడు డాక్టరు. "ఒట్టిది ఎక్కిస్తే నిలవదు. అందుకని మీ రక్తకణాలకే కట్టి పంపుతాం. అవి గుండెలోకి వస్తూ పోతూ ఉంటే కెమేరా ఫోటో తీస్తుంది."

"కోత్తారేటి బావూ?"

"సూది ఒక్కటేనమ్మా. ఆరు గంటల్లో మందు బలం సగం పోతుంది. రేపు సాయంత్రానికి దాదాపు ఏమీ మిగలదు. అందాకా పసివాణ్ణి ఎత్తుకోవద్దు."

ఫోటోలో గుండె గట్టిగానే ఉంది. రక్తం తక్కువై ఆయాసమొచ్చిందని చెప్పి మాత్రలిచ్చి పంపారు. నాలుగో రోజుకి ఇల్లు చేరారు. త్రినాథరావు చెప్పిందంతా గౌరీశ్వరి శ్రద్ధగా వింది. విని, గోనెపట్టా తెచ్చి పెరట్లో పరిచింది.

"ఇదేటే?" అంది అప్పలకొండమ్మ.

"మైలత్తా."

"ఒక్కరోజేనన్నాడే డాట్రు! అదెప్పుడో పోనాది!"

"పోవడం నువ్వు సూసేవేటి? కంటికి అవుపడదని నువ్వే కదా సెప్పేవు. నాది కడిగితే పోయే మైల. నీది నెత్తురికే కట్టేరంట."

ముసలిది కొడుకు వైపు చూసింది. "నువ్వైనా సెప్పరా!"

త్రినాథరావు నోరు తెరిచాడు.

"ఆనాడు సుట్ట కాల్సుకున్నావు. ఇప్పుడూ కాల్సుకో," అంది పెళ్లాం.

అతను అగ్గిపెట్టె వెతుక్కున్నాడు.

ముసలిది తిట్టింది, శాపాలు పెట్టింది, చివరికి బతిమాలింది. మైల గురించి ఆవిడ చెప్పిన పాఠాలే ఊరికి వచ్చు. ఒక్కరూ ఆవిడ పక్షాన మాట్లాడలేదు.

మనవడికి నడక వచ్చింది. ఒకనాడు తప్పటడుగులతో పెరట్లోకొచ్చాడు. అప్పలకొండమ్మ చేతులు చాచింది.

"ముత్తకు మామ్మా, మైల," అన్నాడు వాడు.

'అమ్మ' తరవాత వాడికి నేర్పిన మాట అదే. చాచిన చేతులు ఒళ్లోకి వచ్చాయి. ముసలిది గుండె పట్టుకుంది.

గౌరీశ్వరి చెంబుతో వచ్చి నిలబడింది.

"దోసిలి పట్టత్తా," అని ఎత్తునుంచి మజ్జిగ వంచింది. "నీ గుండెకేటీ అవదు. గట్టిదని పొటోలో పడ్డాదిగా. సాలా కాలం బతుకుతావు."