దేవేంద్రన్ వాలు

తిరుత్తణి నుంచి తిరువళ్లూరు మీదుగా పోయే పొద్దుటి లోకల్లో దేవేంద్రన్ ఎక్కాడంటే, అరక్కోణం వచ్చేసరికి ఆ పెట్టె సగం ఖాళీ అయ్యేది. మిగిలినవాళ్లు చెవిటివాళ్లు, లేదంటే కిటికీ పక్క సీటు వదులుకోలేని లోభులు. ఆయనగారు తిరువళ్లూరు పక్కన ఒక ఇంజనీరింగు కాలేజీలో డాక్టరేటు చేస్తున్నాడు. పరిశోధన ఏమిటయ్యా అంటే, తీగచుట్టలోకి కరెంటు పంపి, దేనికీ తగలకుండా ఒక అల్యూమినియం రేకును గాలిలో నిలబెట్టడం. ఆ రేకు పెసరబద్దంత. లేచేది వెంట్రుక మందం. చెప్పుకునే గొప్ప మాత్రం తిరుత్తణి కొండకు రెండింతలు.

రేకు ఎంత లేస్తుందో, ఎలా నిలుస్తుందో ముందుగానే సమీకరణాలతో లెక్కగట్టి చెప్పడమే అతని అసలు పని. కంప్యూటర్లో లెక్కా, బల్ల మీద రేకూ ఒకటే మాట చెప్పాలి. చెబితే డాక్టరు. చెప్పకపోతే మళ్లీ మొదటికి. గైడు ఆ ఏడే రిటైరవుతున్నాడు గనుక, మొదటికి కూడా కాదు, ఇంటికే.

ఇంట్లో పిల్లనిచ్చిన మామ శివరామయ్యకు గుంత మగ్గం. దేవేంద్రన్ పుట్టిందీ మగ్గాల ఇంట్లోనే. అయినా నేతపని అంటే అతనికి చీదర. ఆ ఎగిరేది దేనికి పనికొస్తుందని మామ ఓసారి అడిగాడు.

“మగ్గం గుంతలో కూచుంటే ఆకాశం యాడ కనబడతాది మామా?”

“వెంట్రుక మందమే ఆకాశమయితే, నా గుంతలోనే శానా ఉండాది అల్లుడా.”

పాత రేకు లెక్క ప్రకారం చదునుగా తేలేది. అది వంగిపోయి కొత్తది తెప్పిస్తే, ఇది ఒక పక్కకు ఒరిగింది. చదువు మధ్యలో ఎగ్గొట్టినవాడైనా ముందు రేకును చూస్తాడు. దేవేంద్రన్ సమీకరణాన్ని మార్చాడు. తీగచుట్ట అంచున ఎవరూ కనిపెట్టని బలం ఒకటుందని తేల్చి, ‘దేవేంద్రన్ వాలు’ అని దానికి నామకరణం చేసి, థీసిస్‌లో ఒక అధ్యాయం నింపాడు. రైల్లో రోజూ అదే పారాయణం. ఆ దెబ్బకు కరెంటు తీగల మీద కాకులు కూడా ఒక పక్కకే ఒరిగి కూచునేవని ఆ పెట్టెలోవాళ్లు నేటికీ ప్రమాణం చేస్తారు.

కరెంటు పెట్టినప్పుడల్లా రేకు వేడెక్కి, ల్యాబులో సన్నగా చందనం వాసన వచ్చేది. మురుగన్ కటాక్షం అనుకుని చెంపలేసుకునేవాడు.

చివరి పరీక్ష పెట్టడానికి ఆరణి నుంచి వనజాక్షి మేడం వచ్చింది. మాటలు తక్కువ మనిషి. అన్నాళ్లూ దేవేంద్రన్ చూసింది, రేకు ఎత్తు కొలిచే లేజరు చెప్పిన అంకెలనే. ఆ రోజు మేడం కోసం మైక్రోస్కోపు కెమెరా తగిలించి, గోడ మీది తెర నిండా రేకును చూపించారు. తట్టంత రేకు లేచింది, ఒరిగింది. ఒరిగిన అంచున పచ్చటి కొండ. కొండ నెత్తిన ఎర్రటి శిఖరం.

దేవేంద్రన్ ఇంగ్లీషులో తన వాలు మహిమ వర్ణిస్తున్నాడు. మేడం తెలుగులోకి దిగింది.

“ఆ అంచులో ఏందయ్యా అది?”

“బొట్టు మేడం. కొత్త సామాను గదా, చందనం కుంకుమ పెట్టినాను.”

“నడమ పెట్టలేదే?”

“నడమ లేజరు పడాల మేడం.”

“దాని బరువు నీ లెక్కలో యాడ పెట్టినావు?”

యాడా పెట్టలేదు. కొత్త పడుగు ఎక్కించాక బొట్టు పెట్టకుండా, దారం దూర్చే నాడె ముట్టని వంశం. బొట్టుకూ బరువుంటుందని ఆ వంశంలో ఎవరికీ తట్టలేదు. మగ్గానికి తెలియదు, బీరువాకు తెలియదు. పెసరబద్దకు తెలిసింది.

బొట్టు ఉంచితే మేడం సంతకం పెట్టదు. తుడిస్తే వాలు పోతుంది, దానితోపాటు పేరూ పోతుంది. దేవేంద్రన్ స్పిరిట్‌లో దూది తడిపి అంచు తుడిచాడు. రేకు పళ్లెంలో నీళ్లలాగా చదునుగా నిలిచింది. మొదటి లెక్కే నిజమైంది. ఆఖరి అధ్యాయం పీకేయమని చెప్పి మేడం సంతకం పెట్టింది. లోకాన్ని కుదిపేయాల్సిన దేవేంద్రన్ వాలు చెత్తబుట్టలో దూదిముక్కయింది.

ఆ సాయంత్రం రైల్లో అతను నోరు విప్పలేదు. జ్వరమా అని పక్కవాళ్లు కంగారుపడ్డారు.

ఇంటి గడపలో శివరామయ్య చందనం గిన్నెతో నిలబడి ఉన్నాడు. కొత్త డాక్టరు కదా మరి. దేవేంద్రన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత నుదురు వంచాడు.

“నడిమధ్యన పెట్టు మామా. ఓరగా పెట్టొద్దు.”