ఆట మధ్యలో లేచిపోయే ఆంజి

రెండు వేల ఏడో సంవత్సరం. ధర్మవరంలో రైల్వే స్టేషన్ నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో మా ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. తొంభైల్లో అదే గదిలో మా ఆయన ఎస్టీడీ బూత్ నడిపారు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి బూత్ పడిపోయాక, గాజు తలుపు అలాగే ఉంచి లోపల ఎనిమిది కంప్యూటర్లు పెట్టాము. ఆయన పక్క గదిలో జెరాక్స్ చూసుకునేవారు, సెంటర్ నేను చూసుకునేదాన్ని. నేను బడికి పోయినదాన్ని కాను. మాది తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం. పెనుకొండలో మా నాయన కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టుకుని నాకు తెలుగు, లెక్కలు నేర్పారు. ఇంగ్లీషు అక్షరాలు బూత్‌లో కూర్చుని పట్టుకున్నాను. కంప్యూటర్ పని రిపేరుకు వచ్చే మెకానిక్ చేతులు చూసి నేర్చుకున్నాను. నేర్పిన ప్రతి ఒక్కరినీ నా దాకా పంపింది అల్లాయే అని నా నమ్మకం.

నెట్ సెంటర్ అంటే పరీక్షల రిజల్ట్స్, రైలు టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు అనుకుంటారు. అవి పగటి పని. సాయంత్రాలు, ఆదివారాలు మమ్మల్ని బతికించింది ఆటలే. అట్లాంటి ఒక ఆటలో ఒక మనిషికి వేసిన శిక్ష, పోయి పోయి ఒక ఇంటి మగ్గానికి తగిలింది. ఈ సంగతి అదే.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. అది తుపాకులు, బాంబుల ఆట. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. మావాళ్ళు ధర్మవరంలో కూర్చుని ఆడితే, అవతలివాళ్ళు హిందూపురంలో ఒక సెంటర్‌లో కూర్చుని ఆడేవాళ్ళు. రెండు జట్లనూ కలిపే కంప్యూటర్‌ను సర్వర్ అంటారు, అది హిందూపురంలోనే ఉండేది. ఒక మ్యాచ్ రౌండ్లు రౌండ్లుగా ముప్పావు గంట పైనే నడుస్తుంది, ఒక రౌండులో చచ్చినవాళ్ళు తరువాతి రౌండులో మళ్ళీ లేస్తారు. మధ్యలో ఒకడు లేచిపోతే మిగిలిన నలుగురు ఐదుగురితో కొట్లాడాలి. అది ఆట కాదు, దెబ్బలు తినడం. మావాళ్ళు ఇట్లా లేచిపోతున్నారనే పెనుకొండ సెంటర్ వాళ్ళు అప్పటికే మాతో ఆడడం మానేశారు.

మాలో ఎక్కువగా లేచిపోయేవాడు ఆంజి. పట్టుచీరలు నేసే మనిషి, ఇరవై ఐదేళ్ళుంటాయి. ఐదుగురిలో గురి బాగా కుదిరేది అతనికే. మౌస్ పక్కన పెట్టుకున్న ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయేది. వెంటనే హెడ్‌ఫోన్ తీసి, "నేను పోతాండానప్పా" అని లేచేవాడు.

జట్టుకు పెద్ద శీనా. మెడికల్ షాపులో పని చేసేవాడు, నోరు ఎక్కువ. "యాడికి పోతాండావురా? బాంబు నీ దగ్గరే ఉండాది కదా" అని అరిచేవాడు.

"పనుండాది."

"ఏం పని, కలెక్టరాఫీసుదా?"

ఆంజి తలుపు తీసుకుని పోయేవాడు.

ఒక ఆదివారం హిందూపురం సెంటర్ నడిపే ఆయన నాకు ఫోన్ చేశాడు. "ఏమక్కా, మీవోళ్ళు ఓడిపోతామంటే సాలు, లేసి పారిపోతాండారు. మావోళ్ళు పొద్దున్నుంచి కాసుకొని ఉండారు. నువ్వు అదుపులో పెడతావా, లేకపోతే మేము కదిరోళ్ళని చూసుకుందుమా?"

హిందూపురం కూడా పోతే ఇక ఆడేదానికి జట్టే లేదు. ఆ సాయంత్రం ఐదుగురినీ కూర్చోబెట్టాను. శీనానే మాట ఎత్తాడు. "అక్కా, నువ్వు గట్టిగా ఒక కట్టు పెట్టాల. మధ్యలో లేసినోడు వారం దినాలు టీమ్‌లో కూర్చోకూడదు. మళ్ళా లేస్తే నెల."

"కరెంటు పోతే?" అని అడిగాను.

"కరెంటు పోయినా, నెట్ పోయినా వాని తప్పు కాదు గదక్కా. దాన్ని వదిలేద్దాం."

అందరూ సరేనన్నారు. ఆంజి కూడా తల ఊపాడు. హిందూపురం ఆయనకూ చెప్పాము. ఎవరు ఎట్లా పోయారో సర్వర్ తెర మీద తెలుస్తుంది. తనంతట తాను ఆట మూసి పోతే 'లెఫ్ట్' అని వస్తుంది. లైను తెగితే 'టైమ్ అవుట్' అని వస్తుంది. మొదటిదానికి శిక్ష, రెండోదానికి మాఫీ.

తరువాతి మ్యాచ్‌లోనే ఆంజి ఫోను మోగింది. లేచాడు. వారం రోజులు ఆట లేదని చెప్పాను. "సరేలే అక్కా" అన్నాడు. వారం అయ్యాక వచ్చి ఆడాడు. ఆ రోజు మావాళ్ళు గెలుస్తున్నారు. అయినా ఫోను మోగగానే లేచాడు. గెలిచే ఆట వదిలి పోయేవాడు ఓటమికి భయపడి పోతున్నాడని ఎట్లా అనగలం? ఆ మాటే శీనాతో అన్నాను. "కట్టు కట్టేనక్కా" అన్నాడు. ఆంజికి నెల రోజుల శిక్ష పడింది.

ఆ నెలలో 'లెఫ్ట్' అనే మాట సర్వర్ తెర మీద కనబడలేదు. దాని బదులు 'టైమ్ అవుట్'లు మొదలయ్యాయి. అవి ఎక్కువగా నాలుగో సిస్టమ్‌కే వచ్చేవి, అదీ మావాళ్ళు ఓడిపోతున్నప్పుడే. నాలుగో సిస్టమ్ శీనాది. నెట్ కేబుల్ చివర చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, కేబుల్ ఊడిరాకుండా అదే పట్టుకుంటుంది. నేను వంగి చూస్తే ఆ నాలుక విరిగి ఉంది. కాలు తగిలితే చాలు, కేబుల్ ఊడి వస్తుంది.

మరుసటి మ్యాచ్‌లో నేను అతని వెనకే నిలబడ్డాను. మావాళ్ళు ముగ్గురు చచ్చిపోయారు. శీనా కుడికాలు చెప్పులోంచి బయటికి వచ్చింది. బొటనవేలు కేబుల్ మీదికి పోయింది.

"శీనా, కాలు నొస్తాందా?" అన్నాను మెల్లగా.

"లేదక్కా."

"అయితే పక్కకి పెట్టుకో."

కాలు చెప్పులోకి పోయింది. మిగిలినవాళ్ళకు ఏమీ తెలియలేదు. తెల్లారి నేనే కూర్చుని కేబుల్ చివర కోసి, కొత్త కనెక్టర్ వేసి, క్రింపింగ్ టూల్‌తో, అంటే తీగలను కనెక్టర్‌లోకి బిగించే పటకారుతో, గట్టిగా నొక్కాను. ఆ తరువాత నాలుగో సిస్టమ్‌కు లైను తెగలేదు. ఎందుకు తెగడం లేదని ఎవరూ అడగలేదు కూడా. నాకు మాత్రం ఒళ్ళంతా బరువుగా అనిపించింది. పెళ్ళిళ్ళు అయినవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు. వీళ్ళ కాళ్ళకు కాపలా కాయడమా నా పని? చెప్పి పోయినవాడు బయట ఉన్నాడు. చెప్పకుండా తెంపుకున్నవాడు లోపల కూర్చుని ఉన్నాడు. మేమందరం కలిసి పెట్టుకున్న కట్టు చేసిన పని ఇది.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆంజి భార్య పద్మ సెంటర్‌కు వచ్చింది. చంకలో ఏడాది నిండని ఆడబిడ్డ. లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"అక్కా, మా ఇంటాయన్ని ఆడనీయకుండా పెట్టినారంట?"

ఇంట్లో గొడవైందేమో, ఆటలు మాన్పించమని వచ్చిందేమో అనుకున్నాను. "నెల దినాలు లేదమ్మా, మంచిదే కదా, ఇంటిపట్టున ఉంటాడు" అన్నాను.

"అదే వద్దక్కా. నీకు దండం పెడతా, ఆయప్పని ఈడ కూర్చోబెట్టుకో, మాకు ఇదే దగ్గర."

స్టూలు వేసి కూర్చోమన్నాను. అప్పుడు చెప్పింది. వాళ్ళు నేసేది అంచు ఒక రంగు, చీర ఒక రంగు ఉండే పట్టుచీర. అట్లాంటిది ఒక్కరే నేయలేరు. ఒకరు మగ్గం గుంతలో కూర్చుంటే, అంచు నాడె, అంటే అంచు రంగు అడ్డపోగును మోసే కర్ర, అందించడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. వాళ్ళింట్లో ఆ రెండో మనిషి పద్మే. బిడ్డ మేలుకుని ఉంటే పద్మ మగ్గం దగ్గరికి రాలేదు. బిడ్డ నిద్రపోతేనే ఇద్దరికీ పని. అందుకని ఆంజి ఇక్కడికి వచ్చి ఆడుకుంటూ ఉంటే, బిడ్డ కళ్ళు మూయగానే పద్మ మిస్డ్ కాల్ ఇచ్చేది. ఆ ఒక్క మోతకు అర్థం అదే.

"ఇంట్లోనే ఉండి కాసుకోవచ్చు కదమ్మా?"

"అదే కదక్కా బాధ. నాయన కండ్ల ముందర తిరుగుతాంటే ఈ పాప నిద్ర పోతేనా? మీసం పట్టుకొని ఆడతాది. ఆయప్పేమో జోలపాట పాడతా అంటాడు. ఆ గొంతుకి పక్కింటోళ్ళ బిడ్డ కూడా లేస్తాది." నవ్వింది, మళ్ళీ ముఖం చిన్నబోయింది. "శ్రావణం లోపల చీర దింపకపోతే సావుకారు తరువాత వార్పు వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు. వార్పు లేకపోతే మగ్గం ఉత్త గుంతే కదక్కా."

సావుకారు అంటే పట్టు నూలు ఇచ్చి నేయించుకునే వ్యాపారి. వార్పు అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. ఇక్కడ నలుగురు ఆటగాళ్ళు ఒక సాయంత్రం ఓడిపోకుండా ఉండడానికి పెట్టిన కట్టు, అక్కడ ఆ పోగుల దాకా పోయింది.

పద్మ పోయాక మధ్యాహ్నపు జొహర్ నమాజుకు వేళైంది. రోజూలాగే జెరాక్స్ గదిలోకి తొంగి చూశాను. మా ఆయన వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. చాప మీద నిలబడ్డప్పుడు తోచింది. ఇన్నేళ్ళుగా రోజుకు ఇన్నిసార్లు పని మధ్యలో లేస్తున్నాను, నన్నెవరూ పారిపోయేదని అనలేదు. నా తావున ఒక మనిషి కూర్చుంటున్నాడు కాబట్టే. మా సెంటర్‌లో ఆడేవాళ్ళ వెనక బల్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు వంతు కోసం కాసుకుని ఉంటారు. దూరదేశాల్లో ఒంటరిగా కూర్చుని ఆడేవాళ్ళకు లేని వసతి అది.

సాయంత్రం ఆంజిని పిలిపించి అందరి ముందు కొత్త కట్టు చెప్పాను. ఎవరైనా లేవచ్చు, కారణం చెప్పనక్కర లేదు. తన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి పోవాలి. అట్లా కాకుండా పోయినవాడికే శిక్ష, ఆంజి పాత శిక్ష మాఫీ. "కేబుల్ ఊడినా ఇంక లెక్కే" అన్నాను. శీనా కింద చూశాడు.

ఆంజి ఎందుకు పోతున్నాడో అప్పటికి ఎట్లాగో అందరికీ తెలిసిపోయింది. "ముందే చెప్పింటే సరిపోయేది కదప్పా" అన్నాడు శీనా.

"చెప్తే ఏమంటావు? పెండ్లాం పిలిస్తే పరిగెత్తేవాడని ఎగతాళి చేయవా?"

"చేస్తా."

"అందుకే చెప్పలే."

హిందూపురం ఆయన మొదట ఒప్పుకోలేదు. "ఒక పేరు మీద ఇద్దరు ఆడేదేందక్కా?" అన్నాడు. మీవాళ్ళకూ అదే కట్టు అన్నాక మెత్తబడ్డాడు.

శ్రావణం దగ్గర పడిన ఒక ఆదివారం మధ్యాహ్నం హిందూపురంతో మ్యాచ్. టీవీలో క్రికెట్ ఉండడంతో వెనక బల్ల ఖాళీ. ఆట సగంలో ఉండగా ఆంజి ఫోను ఒక్కసారి మోగింది. అతను బల్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు, లేవలేదు. చెయ్యి మౌస్ మీదే ఉంది. మళ్ళీ మోగింది.

"లెయ్యప్పా" అన్నాను. అతను లేచాడు. కొంగు బిగించుకుని ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

ఇన్నేళ్ళు ఆ ఆటను వెనక నుంచి చూశానే గాని, ఒక్కసారీ ఆడలేదు. తెర మీద గోడ వచ్చింది. కాల్చాను. గోడకే తగిలింది.

"అక్కా, అది గోడ. ఈ పక్కకి తిరుగు" అని అరిచాడు శీనా. నేను తిరిగితే ఇంకో గోడ వచ్చింది. "సరే, కదలద్దు. ఆడనే నిలబడు."

"ఊరికే నిలబడితే సాలా?"

"సాలక్కా. నిన్ను కాల్చేదానికి వాళ్ళలో ఒకడు రావాల కదా. అంతసేపు మేము బతుకుతాం."

నిలబడ్డాను. వచ్చి కాల్చారు. మళ్ళీ రౌండ్ మొదలైతే మళ్ళీ నిలబడ్డాను. మ్యాచ్ ఓడిపోయాము. చివరి రౌండులో మావైపు శీనా ఒక్కడే మిగిలాడు, అవతల నలుగురున్నారు. అతని రెండు కాళ్ళూ చెప్పుల్లోనే ఉన్నాయి. కాల్పించుకునేదాకా ఆడి, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

హిందూపురం ఆయన ఫోన్ చేశాడు. "ఎవరక్కా చివర్లో కొత్తోడు? గోడలకి సున్నం కొడతాండె."

"నేనే."

"వచ్చే ఆదివారం మళ్ళా పెట్టుకుందాం లేక్కా" అన్నాడు.

చీర శ్రావణంలోనే దిగింది. వార్పు వాళ్ళింటికే వచ్చింది. ఆ కబురు చెప్పడానికి పద్మ వచ్చినప్పుడు బిడ్డ ఆమె భుజం మీద నిద్రపోతోంది. ఆ రోజు నేను అల్లాకు చెప్పుకున్న షుక్రు, అంటే కృతజ్ఞత, చాలా చిన్నది. అలసిపోయి ఉన్నాను, ఎక్కువ మాటలు రాలేదు.

కొన్నేళ్ళకు ఆటలన్నీ ఫోన్లలోకి పోయాయి. మా సెంటర్‌లో ఇప్పుడు జెరాక్స్ ఒక్కటే మిగిలింది. అయినా మనుషులు పని మధ్యలో లేచిపోవడం ఎక్కడైనా ఉన్నదే. మా దగ్గర పని చేసే పిల్లలు లేస్తారు, ఇంట్లోవాళ్ళు లేస్తారు. ఎందుకు పోతున్నావని అడగడం నేను మానుకున్నాను. అడిగితే సిగ్గుపడి అబద్ధమన్నా చెబుతారు, లేదంటే ఆంజిలాగా నోరు మూసుకుని శిక్ష మోస్తారు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరున్నారో చూస్తాను. ఎవరూ లేకపోతే, నాకు ఆ పని వచ్చినా రాకపోయినా, పోయి కూర్చుంటాను.