చింతపండు మరక పడని కాగితాలు

బావా,

బాగున్నావా? ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకు. వదిన పోయిందని మూలలకి నల్ల సిరా పూసి కార్డు ముక్క వేశానే గానీ, అందులో రెండు మాటలకి మించి చెయ్యి సాగలేదు. ఆ తర్వాత కొండ నుంచి చింతపండు బళ్ళు వరసగా దిగాయి. సరుకు దిగాక కొట్టు వదలడానికి ఉండదు, నీకు తెలియనిది కాదు. ఇవాళ బేరాలు పలచగా ఉన్నాయి. గల్లాపెట్టె మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మధ్యలో ఎవరైనా బెల్లం అడిగితే లేస్తాను. మాట తెగిన చోట నువ్వే అతికించుకో.

వదినకి చలిజ్వరం. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. డాక్టరు వచ్చి చూసి మాత్రలిచ్చి వెళ్ళాడు. శ్రీకాకుళం తీసుకెళ్తాను, బండి కట్టిస్తానంటే, "ముందు గోనెలు కుట్టించు మరిదీ, సరుకు ఒచ్చీగలదు" అంది. పోయే ముందు కూడా ఆవిడకి సరుకు మీదే బెంగ. నిజం చెప్పాలంటే సరుకు మీద కాదు, సరుకుతో పాటు వచ్చే ఆడవాళ్ళ మీద. ఏడాది పొడుగునా ఆవిడ ఎదురు చూసేది చింతపండు రోజుల కోసమే.

నువ్వు ఖరగ్‌పూర్ వెళ్ళిపోయి అప్పుడే ఇన్నేళ్ళయింది కాబట్టి గుర్తు చేస్తున్నాను. కొట్టుకీ పెరటికీ మధ్య ఒక తలుపుంది కదా. ఇవతల నేను తూకం వేస్తుంటే, అవతల పాకలో ఆడవాళ్ళు చుట్టూ కూచుని చింతకాయలు కొట్టి పెంకు తీసి, ఈనెలు లాగి, పిక్కలు వేరు చేసేవారు. వాళ్ళ మధ్య పీట మీద వదిన. మా అన్నయ్య పోయినప్పటి నుంచీ ఆ పీట ఆవిడదే. బొబ్బిలిలో వాళ్ళ నాన్న కొట్టు దగ్గర కూచోబెట్టి నేర్పిన చదువు ఆవిడది. మొదట్లో రామాయణం చదివి వినిపించేది. ఒక ఏడు ఆ పుస్తకం ఎవరో పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. అప్పుడు నువ్వు విజయనగరంలో చదువుకుంటూ సెలవులకి తెచ్చిన ఆ పాత నవల మా ఇంట్లో పడి ఉంటే అదే తీసింది.

మొదటి రోజు వాళ్ళలో పైడమ్మ చేతులు కడుక్కొచ్చి, పుస్తకానికి దండం పెట్టి అడిగింది. "అమ్మా, ఈ కతలో ఆయమ్మ ఏ దేవుడి పెళ్ళాం?"

"ఏ దేవుడికీ కాదు. ఒక ప్లీడరు పెళ్ళాం" అంది వదిన.

"ఓలమ్మో! మరి దండం ఎనక్కి తీసుకోవాలేటి?"

ఆ నవ్వు నాకు కొట్లోకి వినబడింది. బెల్లం తూస్తున్నవాణ్ణి రాయి మార్చడం మరిచిపోయాను.

కథ నీకు తెలుసు. మొగుడు కొట్టినందుకు కాదు, తిట్టినందుకూ కాదు. తనని ఎవరూ ఏమీ అడగని ఇంట్లో ఉండలేక ఆ పిల్ల బయటికొచ్చేస్తుంది. వేరే ఊళ్ళో గది అద్దెకి తీసుకుని రవికలు కుట్టి బతుకుతుంది. బళ్ళో పంతుళ్ళు ఆ నవల గురించి ఏం చెప్పారో నాకు తెలియదు. మా పాకలో మాత్రం తీర్పులు ఇలా ఉండేవి.

"ఎల్లిపోతే ఎల్లిపోనాది, పొయ్యిలో నిప్పు ఆర్పి ఎల్లిందా నేదా ఆ గుంట? అది సెప్పలేదేటి పుస్తకంలో?" ఇది పైడమ్మ.

"నిప్పు సంగతి ఆ మొగుడు సూసుకుంటాడులే. సేతులు నేవా ఆడికి?" ఇది అప్పలనర్సి. అప్పటికి కొత్తగా పెళ్ళయి వచ్చింది.

"ఒలే, నీ మొగుడితో అను సూద్దాం ఈ మాట!"

"అన్నానే! అంటే, నూతికాడికెల్లి నీళ్ళు తెచ్చీసినాడు. నాకే బయిమేసింది."

ఒకావిడ ఆ ప్లీడరు పక్షం. "పెద్ద సదువు సదివినోడు, ఆడికి మాత్రం మనసుండదేటి" అనేది. ఇంకొకావిడకి ఎంతసేపూ కుట్టుమిషను మీదే కళ్ళు. అది కొన్నదా, అద్దెదా, అరువుదా అని. వదిన తన మాట మాత్రం చెప్పేది కాదు. పుస్తకంలో వేలు పెట్టి మూసి, వరసగా ఒక్కొక్కరినే అడిగేది. "నువ్వయితే ఏటి సేస్తావే?" మాట్లాడనివాళ్ళని కూడా వదిలేది కాదు. ఎవరూ ఏమీ అడగని వాళ్ళు కదా వాళ్ళంతా, మొదట్లో చీర కొంగు నోట్లో పెట్టుకునేవారు. పోను పోను ఒకరినొకరు మాట సాగనిచ్చేవారు కాదు.

రామాయణానికున్న ఆనవాయితీలన్నీ నవలకీ పట్టుకొచ్చేశారు. చదవడం ఆపితే మంచి ఘట్టం దగ్గరే ఆపాలి. కష్టం దగ్గర ఆపకూడదు. ముగింపు రోజున కర్పూరం వెలిగించాలి. వదిన వెలిగించకూడదు కాబట్టి పైడమ్మ వెలిగించేది. మరి ఆ నవల చివరికి ఏమవుతుంది? ఆ పిల్ల జ్వరం వచ్చి ఒక్కర్తీ పోతుంది. అలాంటి చోట కర్పూరం ఎలా వెలిగిస్తారు? అందుకని వదిన అంతకు ముందు ఘట్టం దగ్గరే పుస్తకం మూసేసేది. ఆ పిల్ల కొత్త గదిలో మొదటిసారి పొయ్యి వెలిగించి, తన ఒక్కదానికే గుప్పెడు బియ్యం పోసుకుని, పొగలు కక్కే అన్నం కంచంలో వడ్డించుకుని కూచుంటుంది చూడు, అక్కడ. "ఏడేడి కూడు!" అని అందరూ ఒక్కసారి అనేవారు. అందరికీ పెట్టాక చల్లారింది తినేవాళ్ళు మరి. వదిన కూడా ఆ నాలుగు వాక్యాలూ ఎంత మెల్లగా చదివేదో. ఒంటిపూట, అందరి తర్వాత తినే మనిషి. అక్కడ కర్పూరం, అక్కడ మంగళం. మా కోటబొమ్మాళిలో ఆ నవల అక్కడే అయిపోతుంది. ప్రతి ఏడూ మళ్ళీ మొదటి నుంచి.

నువ్వు చేసిన నిర్వాకం మరిచిపోలేదు కదా? రైల్వే ఉద్యోగం వచ్చిందని చెప్పడానికొచ్చి, సరిగ్గా కర్పూరం వేళకి పాకలోకి తొంగి చూశావు. "అదేమిటి అక్కా, ఆవిడ చచ్చిపోతుంది కదా చివర్న!" అన్నావు. ఎన్ని చింతపిక్కలు నీ మీద పడ్డాయి!

"ఏటి బావూ ఆ అబద్దాలు! కూడు తిన్న గుంట ఎలగ సచ్చిపోద్ది?" అని పైడమ్మ కర్రతో లేచింది.

వదిన ముఖంలో నవ్వు లేకుండా, "ఆ బాబు సదివింది వేరే పుస్తకంలెండి" అంది. నువ్వు బిక్కమొహంతో నా దగ్గరకొచ్చి పటికబెల్లం ముక్క నోట్లో వేసుకున్నావు. ఇప్పటికీ ఆడవాళ్ళకి నువ్వు అబద్ధాల రైలు బాబువే.

ఒకసారి పాక ఖాళీ అయ్యాక వదినని నేనే అడిగాను. అందర్నీ అడుగుతావు, నువ్వయితే ఏం చేస్తావని. గోనె మూతి కడుతూ చెప్పింది. "ఇల్లు ఒదిలీసి ఎల్లాలంటే ముందు అది మనదవ్వాల కదా, మరిదీ." నేను గోనె మూతి రెండో కొస పట్టుకున్నాను. ఆవిడే మళ్ళీ, "ఆ మొకవేటి, కొట్లో ఎవులో పిలస్తన్నారు ఎల్లు" అంది.

ఇక అసలు సంగతి. పోయే ముందు ఒక మధ్యాహ్నం, జ్వరం కాస్త నెమ్మదించినప్పుడు పుస్తకం తెమ్మంది. ఆ చివరి కాగితాలు చదవమంది.

"ఇప్పుడెందుకు వదినా అవి? ఒంట్లో బాగులేనప్పుడు."

"అందరికీ దాసీసాను. నాకు నాను కూడా దాసుకోవాలేటి? సదువు."

చదివాను. కళ్ళు మూసుకుని వింది. ఆ పిల్ల జ్వరం, మంచం పక్కన నీళ్ళ చెంబు, ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డ మొగుడు, అన్నీ. అయిపోయాక నన్నడిగింది. "నువ్వేటంటావు?"

"పాపం, ఒక్కర్తీ పోయింది వదినా" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి నవ్వింది. "ఇంటి నిండా జనం ఉన్నారు. నాను మాత్రం ఇద్దరుగా పోతానేటి?" కాస్త ఊపిరి తీసుకుని, "తన గదిలో పోనాది. తాళంసెవి తన కొంగునే ఉన్నాది. సాలదా?" అంది.

ఇన్నేళ్ళలో ఆ పిల్ల గురించి ఆవిడ చెప్పిన ఒకే ఒక్క మాట అది. దాన్ని ఎవరితో పంచుకోను? మా ఆవిడకి పుస్తకమంటే నిద్ర. కొట్టుకొచ్చే వాళ్ళతో ధరల మాటలే. తూకం వేస్తూ ఆ తలుపు వైపు చెవి పెట్టడం నాకు అలవాటు. ఇప్పుడూ పెడుతున్నాను. చింతకాయ పగిలిన చప్పుడు తప్ప ఇంకేం లేదు బావా. ఆడవాళ్ళు కూడా మాట్లాడుకోవడం లేదు. అడిగేవాళ్ళు లేరుగా.

సరుకు దిగిన కొత్తలో వాళ్ళే నన్ను పిలిచారు, చదవమని. పీట మీద కూచోలేక గోనె మీద కూచున్నాను. "సరుకుల సీటీ సదివినట్టు సదువుతున్నాడు సావుకారు" అని అప్పలనర్సి గుసగుసలాడింది. అయినా విన్నారు. రోజూ కాస్త కాస్త చదివి, నిన్న అన్నం ఘట్టానికొచ్చాను. "ఏడేడి కూడు" అని ఎవరూ అనలేదు. కర్పూరం బిళ్ళ పైడమ్మ అరచేతిలోనే ఉంది. అగ్గిపుల్ల గీయలేదు.

"బావూ, ఇంకా కాగితాలున్నాయి కదా" అంది.

నేను తెల్లబోయాను. "నీకెలా తెలుసు?"

"అచ్చరాలు రావు గానీ కళ్ళు నేవేటి నాకు? అమ్మ పుస్తకం మూసీసినప్పుడల్లా ఏలి కింద ఇంకా మందంగా ఉండీది."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"అప్పుడు అమ్మ మొకం సూడాల బావూ. తనే ఏడేడిగా కూడు తిన్నట్టుండీది. ఎందుకు సెడగొట్టాల?"

మిగిలినవాళ్ళు తలలు వంచుకుని పిక్కలు తీస్తున్నారు. అందరికీ తెలుసునని అప్పుడర్థమైంది. పేజీ తిప్పాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఒకసారి ఆవిడకి చదివిన నోరు, మళ్ళీ చదవనంటోంది. పైడమ్మ నన్ను చూసి, "ఉండనీ బావూ. ఆ రైలు బాబుని రమ్మని రాయండి. అబద్దాలకోరని అన్నాం కదా, ఆ బాబు నోటితోనే ఇంటాం. ఈపాలి పిక్కలు ఇసరం" అంది.

పుస్తకాన్ని వదిన పీట మీద పెట్టి, దాని మీద వెలిగించని కర్పూరం బిళ్ళ పెట్టి వెళ్ళారు. ఇందాక వెళ్ళి చూశాను. అన్నం ఘట్టం దాకా ప్రతి కాగితానికీ గోధుమరంగు వేలిముద్రలే. "ఏదీ, ఆ గుంట ఏ అచ్చరంకాడున్నాది" అని అందరూ తడిమి చూసినవి. చివరి కాగితాలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

ఇంకా కొన్ని బళ్ళు రావలసి ఉన్నాయి. అవి అయ్యేదాకా ఆడవాళ్ళు వస్తూనే ఉంటారు. సెలవు దొరుకుతుందా బావా? ఎప్పుడొస్తావు?