ఇది సుసుకి కాదు

మా పక్కింటి జపాన్ ఆంటీ ఇక లేరు. ఆల్బనీలోని వృద్ధుల రెస్ట్ హోమ్ నుంచి ఆవిడ కొడుకు ఫోన్ చేసేసరికి నేను చవితి పత్రి తీసి మొక్కల మొదట్లో వేస్తున్నాను. అందులో గరికంతా ఆవిడ కుండీలోదే. మీరెవరూ ఆవిణ్ణి ఎరగరు, అందుకే ఈ నాలుగు మాటలు.

చలికి మా పెరట్లో గరిక సరిగా రాదు. పూజకు నేను వెతుక్కోవడం చూసి ఆవిడే కుండీలో పెంచి, ఏటా కత్తెరతో కోసి కంచె మీదుగా అందించేవారు. మేం మాట్లాడుకునేది ఇద్దరికీ వచ్చినంత ఇంగ్లీషు. గడ్డి దగ్గరికొస్తే మాత్రం ఎవరి భాష వాళ్లదే. ఆవిడ "గ్యోగిషిబా" అంటే నేను "గరిక" అనేదాన్ని. మా ఆయన లాన్‌మోవర్ తీస్తే చాలు, "పేరు అడక్కుండానే కోసేస్తున్నావా?" అని ఆవిడ కంచె అవతలి నుంచి కేకేసేవారు. ఆయనకు అన్నీ గ్రాసే.

చవితి చంద్రుణ్ణి చూడకూడదంటే పడీ పడీ నవ్వారు. "పున్నమిదాకా ఓపిక పట్టు. మేమైతే సుసుకి పెట్టి మరీ చూస్తాం," అన్నారు. సుసుకి మన రెల్లులాంటి గడ్డి. అది ఇక్కడ దొరకక, వాగు ఒడ్డున పెరిగే టోయ్‌టోయ్ గడ్డి వెన్నులు సీసాలో పెట్టి, బియ్యప్పిండి ఉండలు చేసి, మమ్మల్ని డెక్ మీద కూర్చోబెట్టేవారు. "చంద్రుడు సరిగ్గానే వచ్చాడు, ఋతువే తప్పింది," అనేవారు. భూమధ్యరేఖకు దిగువన మాకది వసంతం, వాళ్ల జపాన్‌లో శరత్తు.

ఈ ఏడాది మతిమరుపు జబ్బు ముదిరి ఆవిడకు ఇంగ్లీషు మొత్తం పోయింది. కొడుక్కి జపనీస్ రాదు. అమ్మ అదేపనిగా ఏదో అడుగుతోంది, అర్థం కావట్లేదని నా దగ్గర ఏడ్చాడు. వెళ్లి చూస్తే, "సుసుకి, సుసుకి" అంటున్నారు. నాకు ఆ భాషలో గడ్డి పేర్లు తప్ప ఇంకేమీ రావు. ఆ పూటకు అవే అక్కరకొచ్చాయి.

వాగు దగ్గరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, పోయినేడు ఎండిపోయిన టోయ్‌టోయ్ వెన్నులు తెచ్చి చేతిలో పెట్టాను. చెంపకు ఆనించుకున్నారు. చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపారు. అది సుసుకి కాదు. అయినా వదల్లేదు.

పున్నమికి ముందే పోయారు. పున్నమి నాడు వాన.

నిన్న కారు శుభ్రం చేద్దామని మా ఆయన వాక్యూమ్ తీశారు. వెనక సీటు నిండా ఆ వెన్నుల నుంచి రాలిన తెల్లటి నూగు.

"పేరు అడక్కుండానే తీసేస్తున్నారా?" అన్నాను.

ఆయన వాక్యూమ్ ఆపేశారు. "ఏంటి దీని పేరు?" అన్నారు.

"సుసుకి," అన్నాను.

నూగు ఇంకా సీటు మీదే ఉంది.