ఎర్రగా వెలిగిన బల్బు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, ముసురు పట్టిన ఒక మంగళవారం పొద్దున ఎనిమిదీ ఇరవైకి అది మొదలైంది. సుల్తానాబాద్‌లో మా తాత పాత కార్ల కరెంటు పని చేసేవాడు. షెడ్డులోని గడియారానికి చావి ఇచ్చేది నేనే కనుక వేళ తప్పు చెప్పను.

ఆ రోజు వచ్చిన కారు తీగలకు గుడ్డ తొడుగే ఉంది. లైట్లు వేస్తే కాసేపటికి కాలిన వాసన వచ్చేది. తాతతో పాటు పనిచేసే చిన్నాయన, తీగలో కరెంటు చూసే సూది మీటరు కొత్తగా కొన్నాడు. తాత మాత్రం హెడ్‌లైటు బల్బుకు రెండు తీగలు కట్టుకుని దానితోనే చూసేవాడు. ఏది మేలని తాతను అడిగాను.

"బాయిలకు తొంగి సూస్తే నీళ్లు నిండుగనే కనవడ్తయి బిడ్డా. తోడితేనే ఊటెంతనో ఎర్కైతది. మీటరు తొంగి సూస్తది, బల్బు తోడ్తది."

కొత్త తీగ కోసం కరీంనగర్ బస్సెక్కబోతూ బల్బు నా చేతిలో పెట్టాడు. అది తెల్లగా వెలగనిదే కారు కదలొద్దని చిన్నాయనకు చెప్పమన్నాడు.

పది గంటలకల్లా కారు పెద్దపల్లిలో ఉండాలని చిన్నాయన తొందర. లైట్లు వేయకుండానే తీగకు మీటరు పెట్టాడు. సూది నిండుగా పన్నెండు వోల్టులు చూపింది. అక్కడే నేను బల్బు ఆనించాను. బీడీ కొసలా ఎర్రగా వెలిగింది.

"చిన్నాయనా, ఎర్రగుంది."

"మీ తాత బల్బు మీ తాతంత ముసల్దైంది. సూది అబద్ధమాడ్తదా? జరుగు, ఇంజనీరమ్మా."

సూది అబద్ధమాడలేదు. దాన్ని ఎవరూ తోడమని అడగలేదు. నాకూ తళతళలాడే ఆ మీటరే ముద్దొచ్చింది. తాత వద్దన్న మాట చెప్పకుండా బల్బు దాచేశాను.

తొమ్మిదీ ఐదుకు లైట్లు, వైపర్లు వేసుకుని చిన్నాయన వానలో వెళ్లాడు. తొమ్మిదీ పాతికకు వరిపొలాల మీద నల్లటి పొగ లేచింది. తీగలో తుప్పు పట్టిన అతుకు లైట్లు, వైపర్ల బరువుకు కాగి అంటుకుందట. అంటుకున్న తీగను ఆయన చేత్తో పట్టి లాగాడట.

దాచిన బల్బు తీసి తాతకు జరిగింది చెప్పాను. తిట్టలేదు. ఏళ్ల తర్వాత, చనిపోయే ముందు ఆ బల్బు నాకే ఇచ్చాడు. ఇప్పటికీ ఎవరైనా అంతా బాగుందంటే, బరువు వేసి చూశారా అని అడుగుతాను.

ఆ రోజుతో పోయినవి: కారు ఒకటి. చిన్నాయన కుడిచేతి వేళ్లు రెండు. తాత నాతో మాట్లాడని రోజులు నలభై ఒకటి.