ముక్కక్క "పో" అంటేనే

గోదాంలో ఆవిణ్ని అందరూ ముక్కక్క అనేవారు. ముక్కు పెద్దదేం కాదు, మామూలుదే. సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి వెనకాల కట్టే గ్యాస్ సిలిండర్ మార్చినప్పుడు రవ్వంత లీకున్నా అందరికంటే ముందు ఆవిడే పసిగట్టేది.

సిలిండర్ మార్చడానికో పద్ధతుంది. ముందు వాల్వు కట్టేసి, పైపులో మిగిలిన గ్యాస్ కాలిపోయి ఇంజను దానంతటదే ఆగేదాకా ఉండాలి. గ్లౌజులు వేసుకుని పైపు విప్పాలి. కొత్త సిలిండర్‌ని పడుకోబెట్టి, బెల్టు బిగించి, రబ్బరు వాషరు చూసుకుని పైపు తగిలించాలి. వాల్వు మెల్లగా తెరిచి జాయింటు మీద సబ్బునీళ్లు రాయాలి. బుడగలొస్తే బండి కదలకూడదు. అన్నీ బాగానే చేసేవారు గానీ, ఆ సబ్బునీళ్ల పని మటుకు ఎప్పుడో అటకెక్కింది. "అక్కా, ఓసారి ఇటు రా" అని పిలిచేవారు. ఆవిడ వంగి, గాలి పీల్చి, "పో" అనేది. అదీ తనిఖీ! ఇంతమంది కలిసి ఇంత తెలివితక్కువ పని చేస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆవిడకూ అది బాగానే ఉండేది. ఆ ముక్కు చూసే షిఫ్టు ఇన్‌చార్జిని చేశారు మరి.

అలాంటిది, ఓసారి జ్వరమొచ్చి తగ్గాక ఆవిడకు వాసనలు తెలియకుండా పోయాయి. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆవిడ పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. భర్త పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది నీకు? ముక్కెక్కడ పెట్టి మర్చిపోయావు?"

"జలుబు. తగ్గిపోతుందిలే."

తగ్గలేదు. చెబితే ఇన్‌చార్జి పని పోతుందని, తను నడిపే బండి కూడా లాక్కుంటారేమోనని ఆవిడ భయం. ముక్కుసూటి మనిషని పేరు తెచ్చుకున్నది కాస్తా నోరు మెదపలేదు. వంగడం, పీల్చడం, "పో" అనడం మానలేదు.

ఆ మధ్యే తమ్ముడి కూతురు అక్కడ డ్రైవరుగా చేరింది. చేర్పించింది ఆవిడే. ఓ పొద్దున ఆ పిల్ల సిలిండర్ మార్చి, వాల్వు తెరిచి, "అత్తా, చూస్తావా?" అంది.

ముక్కక్క వంగింది, పీల్చింది. "పో."

ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించి సీటెక్కింది. ముక్కక్క వెనుదిరగబోతూ జాయింటు వైపు చూసింది. ఇత్తడి నట్టు చుట్టూ తెల్లగా మంచు కడుతోంది. గ్యాస్ బయటికి తన్నుకొస్తే గానీ అక్కడ మంచు కట్టదు. ఆవిడ గట్టిగా అరిచింది.

"తాళం తిప్పకు! దిగు! అటు పో!"

గ్లౌజుల చేత్తో వాల్వు కట్టేసింది. అన్ని బండ్లూ ఆపించి, అందర్నీ బయటికి తోలింది. ఆ గ్యాస్ నేలబారున పాకుతుంది కాబట్టి, పెద్ద తలుపులు బార్లా తీసి అది చెదిరిపోయేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. తర్వాత పైపు విప్పి చూస్తే వాషరు చీలి ఉంది. భయమంతా కోపమై మేనకోడలి మీద విరుచుకుపడింది.

"అంత లీకవుతుంటే నీకు వాసన తెలియలేదా?"

ఆ పిల్ల తలొంచుకుంది. "తెలిసింది అత్తా. గుప్పుమంది. నువ్వు పో అన్నావు కదా, నాదే భ్రమేమో అనుకున్నా."

ముక్కక్క సిగ్గుతో చచ్చిపోయింది. డ్రైవర్లు మళ్లీ బండ్లెక్కుతున్నారు. సూపర్‌వైజరు దగ్గరికొచ్చి, "ఏంటక్కా, అంతా సర్దుకున్నట్టేనా?" అన్నాడు.

"లేదు సార్. నాకు వాసన తెలియట్లేదు," అంది, అందరికీ వినపడేలా. "జ్వరమొచ్చినప్పట్నుంచీ అంతే. ఈమధ్య నేను చూసిన బండి ఒక్కటి కూడా చూసినట్టు కాదు."

బండ్లెక్కినవాళ్లు ఒక్కొక్కరే కిందికి దిగారు.